1700ల్లో జర్మనీ నుంచి అమెరికా వచ్చిన ముత్తాతని వెతకాలంటే ఏది ముందు: ఓడ లిస్టా, చర్చి పుస్తకమా, భూమి కాగితాలా, డీఎన్‌ఏనా?

మా కోడలిది పెన్సిల్వేనియాలో బెర్క్స్ కౌంటీ, వాళ్ళ నాన్నవైపు వాళ్ళు జర్మన్లు, అమెరికాకి స్వాతంత్ర్యం రాకముందే వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు గానీ ఎప్పుడొచ్చారు ఏ ఊరి నుంచొచ్చారు అంటే ఎవరికీ తెలీదు. మనవరాలు పుట్టాక మా వైపు ఏడు తరాలు రాసిచ్చాను, అమ్మ వైపు కాగితం సగం ఖాళీగా ఉంటే మనసొప్పక నేనే కూర్చున్నా. రెవెన్యూలో 31 ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి, పాత రికార్డు తిరగేయడం అలవాటైన పని. రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు ఇక్కడ మన తెలుగువాళ్ళలో చాలామందికి ఇలాంటి కుటుంబాల నుంచే అల్లుళ్ళూ కోడళ్ళూ వస్తున్నారు కాబట్టి నన్నడుగుతున్నారు, ఏ సైట్‌కి డబ్బు కట్టాలి, డీఎన్‌ఏ కిట్ తెప్పించాలా, మనిషిని పెట్టుకోవాలా అని. ఒక్కోదాని సంగతి నాకు తెలిసినంతలో చెప్తా.

ముందు ఒక మాట, కాలం సరిగ్గా పట్టుకోండి. జర్మన్ పూర్వీకుడు అనగానే అందరూ ఎల్లిస్ ఐలాండ్ అంటారు, న్యూయార్క్‌లో వలసవాళ్ళు దిగే కేంద్రం, అది తెరిచిందే 1892లో. దానికి ముందు కాజిల్ గార్డెన్, అదీ 1855. అమెరికా ప్రభుత్వం ఓడ ప్రయాణికుల లిస్టులు తీసుకోవడం 1820లో మొదలైంది, హాంబర్గ్ లిస్టులు 1850 నుంచి ఉన్నాయి. మీ మనిషి 1750లో వచ్చుంటే వీటిలో ఎక్కడా ఉండడు, ఎంత వెతికినా ఉండడు. నాకు మొదటి నెల మొత్తం అక్కడే పోయింది, అదే పేరున్న ఇంకెవరినో పట్టుకుని ఆయనే ఈయన అనుకుని కోడలికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా, తర్వాత మళ్ళీ ఫోన్ చేసి కాదమ్మా అని చెప్పాల్సొచ్చింది.

ఇంకో సంగతి, అప్పట్లో జర్మనీ అని ఒక దేశం లేదు, 1871లో ఒక్కటైంది. ఆ కాలంలో వచ్చినవాళ్ళు ఎక్కువమంది రైన్ నది దగ్గరి ప్రాంతాలవాళ్ళు, పాలటినేట్, వుర్టెంబర్గ్, బాడెన్, హెస్సె, క్రైచ్‌గౌ, ఇంకా ఆల్సేస్, స్విట్జర్లాండ్ కూడా. ఇక్కడి ఇంగ్లీషువాళ్ళు అందరినీ కలిపి పాలటైన్లు అని రాసి పారేశారు, కాబట్టి ఆ మాట చూసి నిజంగా పాలటినేట్ వాడే అనుకోకండి. పుట్టుక పెళ్ళి చావు ప్రభుత్వం రాయడం జర్మనీ అంతటా 1876లో వచ్చింది, అంతకుముందు చాలాచోట్ల ఏదున్నా ఊరి చర్చి పుస్తకంలోనే. అంటే మనకి సర్వే నంబరు ఎలాగో ఇక్కడ ఊరి పేరు అలాగ. అది లేకుండా ఏ ఆఫీసుకెళ్ళినా ఏ సైట్ తెరిచినా పని జరగదు. కాబట్టి ఏ దారి మంచిది అని అడిగితే నేను చూసే లెక్క ఒక్కటే, ఆ దారి నన్ను ఊరి పేరు దాకా తీసుకెళ్తుందా లేదా.

ఓడ లిస్టులు

అందరూ మొదట పరిగెత్తేది వీటి దగ్గరికే. పెన్సిల్వేనియా వరకు ఇవి బాగానే ఉన్నాయి, 1727లో అక్కడి కౌన్సిల్ ఒక రూల్ పెట్టింది, బయటి దేశం నుంచి వచ్చిన మగవాళ్ళు ఫిలడెల్ఫియాలో దిగగానే ఇంగ్లాండ్ రాజుకి విధేయంగా ఉంటామని ప్రమాణం చేసి సంతకం పెట్టాలని. ఆ లెక్కన మొదటి ఓడ విలియం అండ్ సారా, 1727 సెప్టెంబర్ 21. అక్కడి నుంచి 1775 దాకా, స్వాతంత్ర్య యుద్ధం తర్వాత 1808 దాకా ఉన్న లిస్టులన్నీ స్ట్రాస్‌బర్గర్, హింకె అనే ఇద్దరు కలిపి 1934లో మూడు వాల్యూములుగా వేశారు. ఒక్కో ఓడకి మూడు రకాల లిస్టులు ఉండొచ్చు, కెప్టెన్ ఇచ్చింది ఒకటి, ప్రమాణాలవి రెండు. కెప్టెన్ లిస్టు దొరికితే కొన్నిట్లో వయసు ఉంటుంది, కానీ అన్ని ఓడలకీ ఆ లిస్టు మిగల్లేదు.

లోటు ఏంటంటే 16 ఏళ్ళు నిండిన మగవాళ్ళ పేర్లే, ఆడవాళ్ళు పిల్లలు దాదాపు కనపడరు. జబ్బుపడి దిగలేకపోయినవాళ్ళు కొన్ని లిస్టుల్లో ఉండరు. ఓడ రాటర్‌డ్యామ్ నుంచి ఇంగ్లాండ్‌లో కౌస్ మీదుగా వచ్చిందని రాసుంటుంది, మనిషి ఏ ఊరివాడో మాత్రం ఉండదు. అసలైన చిక్కు పేర్లు. అప్పట్లో చాలా జర్మన్ కుటుంబాల్లో మగపిల్లలకి ముందు యోహాన్ అని పెట్టేవాళ్ళు, మన ఇళ్ళల్లో వెంకట అని పెట్టినట్టే అనుకోండి, వెంకట సుబ్బారావుని ఎవరూ వెంకట అని పిలవరు కదా, అలాగే యోహాన్ గేయార్గ్ అంటే ఇంట్లో గేయార్గ్, యోహాన్ యాకోబ్ అంటే యాకోబ్. ఒక్క యోహానెస్ అని విడిగా ఉంటే మాత్రం పిలుపు పేరు అదే. ఇంగ్లీషు గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు, ఆ ప్రాంతాల యాసలో ప కి బ కి, త కి ద కి, క కి గ కి పెద్ద తేడా వినపడదు, కాబట్టి మీరు వెతికే ఇంటిపేరు ఇంకో అక్షరం కింద కూర్చుని ఉండొచ్చు. తర్వాత ఇక్కడ స్థిరపడ్డాక ముల్లర్ మిల్లర్ అయ్యాడు, ష్మిట్ స్మిత్ అయ్యాడు, త్సిమ్మర్‌మన్ అంటే వడ్రంగి కాబట్టి కొన్ని కుటుంబాలు కార్పెంటర్ అయిపోయాయి.

మా విషయంలో ఒకే పేరుతో ముగ్గురు మూడు ఓడల్లో దిగారు. అక్కడ ఆగిపోయాం. దీన్ని విప్పింది ఓడ లిస్టు కాదు, అది కింద చెప్తా. నా అభిప్రాయం ఏంటంటే ఓడ లిస్టు చివర్లో సరిపోల్చుకోడానికి పనికొస్తుంది, మొదలుపెట్టడానికి పనికిరాదు. పేరు దొరికింది కదా అని ఓడ పేరు కుటుంబ చరిత్రలో రాసేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, అందులో ఎంతమందిది సరైన ఓడో చెప్పలేం.

చర్చి పుస్తకాలు, ఇక్కడివి

నా ఓటు మొదట వీటికే. లూథరన్, రిఫార్మ్‌డ్ అని ప్రొటెస్టెంట్లలో రెండు శాఖలు, ఆ చర్చిల పాస్టర్లు పిల్లలకి బాప్తిస్మం ఇచ్చినప్పుడు రాసే ఎంట్రీలో తల్లి తండ్రి పేర్లు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, చివర్లో సాక్షులుగా నిలబడ్డవాళ్ళ పేర్లు ఉంటాయి. అందరూ తండ్రి పేరు చూసి పేజీ తిప్పేస్తారు. సాక్షుల పేర్లు రాసుకోండి, ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళని అలా నిలబెట్టరు, అన్నో బావమరిదో లేక అదే ఊరినుంచి కలిసొచ్చినవాడో అయ్యుంటాడు. ఖననం ఎంట్రీల్లో అదృష్టం బాగుంటే పుట్టిన ఊరు కూడా రాసి ఉంటుంది. మొరేవియన్లయితే, అదీ ఒక ప్రొటెస్టెంట్ శాఖే, ఇంకా నయం, వాళ్ళు మనిషి జీవితకథే రాయించి పెట్టుకునేవాళ్ళు, పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్ ఊళ్ళో వాళ్ళ ఆర్కైవ్స్‌లో అవి ఉన్నాయి.

కానీ మీవాళ్ళు మెనొనైట్లు, ఆమిష్, బ్రెద్రెన్ అయితే ఈ దారి సగం మూసుకున్నట్టే, వాళ్ళలో పసిపిల్లలకి బాప్తిస్మం లేదు, పుస్తకం కూడా లేదు. వాళ్ళు నేరుగా భూమి కాగితాలకి, వీలునామాలకి వెళ్ళిపోవాలి. ఇంకోటి, 1740లకి ముందు పాస్టర్లే చాలా తక్కువ, హెన్రీ మెల్కియోర్ మ్యూలెన్‌బర్గ్ 1742లో వచ్చాకే లూథరన్ల వ్యవహారం ఒక పద్ధతిలో పడింది.

ఇది రాస్తుంటే ఒకటి చెప్పకుండా ఉండలేను. ఈ మ్యూలెన్‌బర్గ్‌ని పంపించింది జర్మనీలో హాలె ఊళ్ళో ఉన్న ఫ్రాంకె సంస్థ. మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకుని తెలుగులోకి అనువాదాలు చేసిన బెంజమిన్ షుల్ట్‌జె కూడా హాలె పంపిన మనిషే, 1740ల్లో తొలి తెలుగు అచ్చు పుస్తకాలు ఆ ఊళ్ళోనే పడ్డాయి. ఒకే చోటి నుంచి ఒకరు మా కోడలి ముత్తాతల దగ్గరికి వచ్చారు, ఒకరు మన భాష దగ్గరికి వచ్చారు. తెలిసిన రోజు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇంట్లో కూడా వెతకండి. మా కోడలి నాయనమ్మ బీరువాలో దుప్పట్ల కింద గాజు ఫ్రేములో ఒక కాగితం దొరికింది, చుట్టూ ఎర్రటి పూలు, రెండు పిట్టలు, మధ్యలో లావుపాటి జర్మన్ అక్షరాలు, బొమ్మ బాగుందని దాచారట గానీ ఏం రాసుందో ఎవరూ చదవలేదు. దాన్ని టౌఫ్‌షైన్ అంటారు, బాప్తిస్మం పత్రం. అందులో పిల్ల పేరు, తల్లి పుట్టింటి పేరుతో సహా, టౌన్‌షిప్ పేరు, పాస్టర్ పేరు అన్నీ ఉన్నాయి. మూడు సైట్లకి కట్టిన డబ్బు ఇవ్వలేనిది ఆ ఒక్క కాగితం ఇచ్చింది.

భూమి కాగితాలు

ఇది నా ఇలాకా కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తానేమో. పెన్సిల్వేనియాలో భూమి తీసుకోవాలంటే ముందు వారంట్, అంటే దరఖాస్తు మీద ఇచ్చే ఆర్డరు, తర్వాత సర్వే, చివర్లో పేటెంట్, అది పట్టా. వారంట్ ఒకరి పేర, పేటెంట్ ముప్పై ఏళ్ళ తర్వాత ఇంకొకరి పేర ఉండటం మామూలే, కాబట్టి మూడూ చూడాలి. రాష్ట్ర ఆర్కైవ్స్ వాళ్ళు వారంట్ రిజిస్టర్లు, సర్వే బొమ్మలు ఉచితంగానే ఆన్‌లైన్‌లో పెట్టారు. సర్వే బొమ్మ తెరిస్తే మన ఎఫ్‌ఎంబీ, అంటే పొలం కొలతల పుస్తకం, చూసినట్టే ఉంది, కొలతలు, మూల దగ్గర ఓక్ చెట్టు గుర్తు, నాలుగు పక్కలా హద్దుదారుల పేర్లు. మన దస్తావేజుల్లో తూర్పు ఫలానావారి భూమి పడమర ఫలానావారి భూమి అని రాసుకోమూ, అచ్చం అదే. సర్వీసులో ఉన్నప్పుడు పట్టాదారు ఎవరో తేలకపోతే హద్దుదారుల్ని పిలిచి అడిగేవాళ్ళం, ఇక్కడా అదే చేశాను.

తూర్పు హద్దులో ఉన్న పేరు నాకు ఎక్కడో చూసినట్టు అనిపించింది. వెనక్కెళ్ళి చూస్తే చర్చి పుస్తకంలో రెండో పిల్లకి సాక్షిగా నిలబడ్డది అతనే. మూడు ఓడల లిస్టులూ మళ్ళీ తీస్తే ఒక్కదాంట్లోనే, మా మనిషి పేరుకి నాలుగు వరుసల కింద, అతని పేరు ఉంది. మిగతా రెండు ఓడల్లో లేడు. ఆ తూర్పు హద్దు మనిషి ఏ ఊరివాడో ఒక వలసల పుస్తకంలో అప్పటికే అచ్చయి ఉంది, క్రైచ్‌గౌలో ఒక పల్లె. ఆ పల్లె చర్చి పుస్తకంలో మావాళ్ళు లేరు, పక్క పల్లెలో దొరికారు, 1746లో పెళ్ళి, ఇద్దరు పిల్లల బాప్తిస్మాలు, ఆ తర్వాత పేజీ అంచున పాస్టర్ చేతిరాత, పెన్సిల్వేనియాకి వెళ్ళిపోయారు అని.

ఇదేదో నేను కనిపెట్టింది కాదు. న్యూయార్క్ పాలటైన్ల మీద పనిచేసిన హెన్రీ జోన్స్ అనే ఆయన 1985లో 847 కుటుంబాల చరిత్ర వేశారు, పక్కనున్నవాళ్ళని పట్టుకుని ఊరిని పట్టుకోవడం ఆ పనిలో పెద్ద ఆయుధం. ఒక ఊరివాళ్ళు కలిసి బయల్దేరారు, కలిసి దిగారు, పక్కపక్కన భూమి కొన్నారు, పిల్లల్ని ఇచ్చిపుచ్చుకున్నారు. మనవాళ్ళు డాలస్‌లో అయినా దుబాయ్‌లో అయినా చేసేది అదే కదా.

వీలునామా కూడా వదలకండి. కౌంటీ పుస్తకంలో ఉండేది ఇంగ్లీషు నకలు, దాంతో ఆగిపోకుండా ఒరిజినల్ ఫైల్ అడగండి, జర్మన్‌లో రాసింది అందులో ఉండొచ్చు, కింద సంతకం ఉంటుంది. స్ట్రాస్‌బర్గర్ హింకె రెండో వాల్యూములో ఓడ దిగినవాళ్ళ సంతకాల నకళ్ళు అచ్చేశారు, రెండూ పక్కన పెట్టి చూసుకోవచ్చు. మా ముగ్గురిలో ఒకతను సంతకం రాక గుర్తు పెట్టాడు, పేరు గుమస్తా రాశాడు. ఇంకొకతను సంతకం చేశాడు, ఇంటిపేరు చివరి అక్షరాన్ని కిందికి లాగి వెనక్కి తిప్పే అలవాటు, 1771 వీలునామాలో చెయ్యి వణికినట్టున్నా ఆ తోక అలాగే ఉంది. హద్దుదారుడు చెప్పిన ఓడ కూడా అదే. ఒక్కటి జాగ్రత్త, ముసలితనంలో సంతకం చేయగలిగినవాళ్ళు కూడా గుర్తు పెట్టి ఉంటారు, కాబట్టి గుర్తు చూసి వేరే మనిషి అని తేల్చేయకండి.

కౌంటీల విభజన కూడా తెలిసుండాలి, కొత్త జిల్లాలు వచ్చాక మన పాత రికార్డు ఏ కలెక్టరేట్‌లో ఉందో వెతుక్కున్నట్టే. బెర్క్స్ 1752లో ఏర్పడింది, అంతకుముందు అది ఫిలడెల్ఫియా, చెస్టర్, లాంకాస్టర్ కౌంటీల్లో ముక్కలుగా ఉంది, 1745 నాటి వీలునామా కోసం బెర్క్స్ కౌంటీ కేంద్రమైన రీడింగ్ వెళ్తే అక్కడ ఉండదు.

డీఎన్‌ఏ టెస్ట్

కిట్ కొనాలనుకుంటే కొనండి, కానీ ఏం వస్తుందో తెలుసుకుని కొనండి. 1750లో వచ్చిన మనిషి ఇప్పటివాళ్ళకి తొమ్మిది తరాల పైన అనుకుందాం, ఆ వరసలో 512 స్థానాలుంటాయి, సగటున ఒక్కొక్కరి నుంచి 0.2 శాతం కూడా రాదు, కొందరి నుంచి అసలేమీ రాదు. పైగా పెన్సిల్వేనియా జర్మన్లు తరతరాలుగా ఆ చుట్టుపక్కలే పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఒకే మనిషితో మూడు నాలుగు వైపుల నుంచి చుట్టరికం తేలుతుంది, ఏ దారిలో కలిసిందో చెప్పలేం. మేనరికాలు ఎక్కువున్న మన కుటుంబాల వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. తండ్రి వైపు ఇంటిపేరు లైన్ ఒక్కటే తేల్చుకోవాలంటే వై డీఎన్‌ఏ టెస్ట్ మేలు, అది తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది కాబట్టి ఆ ఇంటిపేరున్న మగవాళ్ళే చేయించుకోవాలి, మా వియ్యంకుడు చేయించుకున్నారు. ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు ఒకటా కాదా అన్నది తేలుతుంది, ఊరి పేరు తేలదు. కాగితాలతో ఒక అంచనాకి వచ్చాక చేయించుకుంటే విలువ, ముందే చేయిస్తే వందల పేర్లు చూసి తల పట్టుకోవడమే.

ఏ సైట్‌కి డబ్బు కట్టాలి

మొదట దేనికీ కట్టొద్దు. ఫ్యామిలీసెర్చ్ ఉచితం, అకౌంట్ తెరిస్తే చాలు, కొన్ని పేజీలు మాత్రం వాళ్ళ సెంటర్‌కో అనుబంధ లైబ్రరీకో వెళ్తేనే తెరుచుకుంటాయి. ఆన్సెస్ట్రీ అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీల కంప్యూటర్లలో ఉచితంగా వాడుకోవచ్చు, ఇంట్లో కూర్చుని చూడాలంటేనే చందా. జర్మనీ ప్రొటెస్టెంట్ చర్చి పుస్తకాలకి ఆర్కియన్ ఉంది, పాలటినేట్, బాడెన్, వుర్టెంబర్గ్ వాటికి నేను దాన్నే నమ్ముకుంటా, కానీ అందులో పేరు కొట్టి వెతకడం కుదరదు దాదాపు, పుస్తకం తెరిచి పేజీ పేజీ చదవాల్సిందే. అందుకే ఊరు తెలిశాక ఒక నెల కట్టి కూర్చోండి, ఊరు తెలీకుండా కడితే నెల అయిపోతుంది తప్ప ఏమీ రాదు. కాథలిక్‌లైతే మాట్రిక్యులాలో చాలా డయోసీస్‌లవి ఉచితం.

పక్కవాళ్ళు పెట్టిన వంశవృక్షాలు మాత్రం ఊరికే కాపీ కొట్టకండి. ఒక సైట్‌లో మా మనిషికి 1722లో ఒక ఊళ్ళో బాప్తిస్మం అని నలభైకి పైగా వంశవృక్షాల్లో ఉంది, ఒకరిని చూసి ఒకరు ఎక్కించుకున్నది. ఆ ఊరి పుస్తకంలో ఖననాల పేజీలు నేను తిరగేస్తే ఆ పిల్లాడు రెండేళ్ళకే పోయాడు. బాప్తిస్మం దొరికిన ప్రతిసారీ ఖననాల పేజీలు కూడా చూడండి, అదే పేరు తర్వాతి పిల్లాడికి మళ్ళీ పెట్టడం కూడా అప్పట్లో మామూలు.

మనిషిని పెట్టుకోవాలా

జర్మనీ వైపు పనికి అయితే అవుననే అంటాను. పాత చేతిరాత కురెంట్ అంటారు, అందులో e అనే అక్షరం చూడ్డానికి n లాగే ఉంటుంది, నాకు ఒక్క పేజీ చదవడానికి మూడు రోజులు పట్టేది మొదట్లో. పేజీలు మీరే పట్టుకుని చదివిపెట్టడానికి మాత్రం డబ్బిస్తే ఖర్చు తక్కువ. మొత్తం వెతికిపెట్టమని ఇచ్చేస్తే ఖర్చు ఎక్కడ ఆగుతుందో తెలీదు.

ఇదంతా పెన్సిల్వేనియా లెక్క. 1710లో న్యూయార్క్ వచ్చిన పాలటైన్లయితే గవర్నర్ హంటర్ రేషన్ ఇచ్చిన లిస్టులు ఉన్నాయి, అక్కడ మాత్రం లిస్టుతోనే మొదలుపెట్టొచ్చు. వర్జీనియా జర్మానా 1714 వాళ్ళయినా, జార్జియా ఎబెనెజర్‌లో 1734లో స్థిరపడిన సాల్జ్‌బర్గర్లయినా చిన్న గుంపులు, వాళ్ళ మీద పని చాలా జరిగింది, ముందు అచ్చయింది చదవండి. మీ మనిషి 1776 తర్వాతే హఠాత్తుగా కనిపిస్తుంటే ఓడ లిస్టులు వదిలేసి, ఇంగ్లాండ్ తరఫున పోరాడ్డానికి వచ్చిన హెస్సియన్ సిపాయి అయ్యుండొచ్చేమో చూడండి, వేలమంది ఇక్కడే ఉండిపోయారు, వాళ్ళ పేర్లు జర్మనీలోని మార్‌బుర్గ్ ఆర్కైవ్స్ రికార్డుల నుంచి తీసి పెట్టారు.

మా పని ఇంకా అవలేదు. ఆయన భార్య పుట్టింటివాళ్ళు దొరకాలి. జర్మన్ పుస్తకాల్లో ఆడవాళ్ళ ఇంటిపేరు చివర ఇన్ చేరుస్తారు, ముల్లర్ కూతురు ముల్లరిన్, అది తీసేసి వెతకాలని తెలీక కొన్నాళ్ళు పోయాయి. మూడో పిల్ల బాప్తిస్మంలో సాక్షి ఇంటిపేరు ఆమెదే, తమ్ముడై ఉంటాడని నా అనుమానం, అతని భూమి మావాళ్ళకి పడమర హద్దు. వచ్చే వారం ఆ సర్వే బొమ్మ తీయాలి.